తెరమీది ఆటలో తొండి: వీడియో గేముల చరిత్రలో స్త్రీలు



చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడేటప్పుడు ఎవరైనా గీత తొక్కి "నేను తొక్కలేదు" అంటే మీరు ఒక మాట అనే ఉంటారు. ఆ మాట 'తొండి'. సూరత్ వీధుల్లో గుజరాతీ పిల్లలు దాన్నే 'అంచయి' అంటారు. ఆటకు పోలీసు ఉండడు, కోర్టు ఉండదు. అయినా తొండి ఏదో, కానిదేదో ఆడేవాళ్ళందరికీ తెలుసు. మనిషి న్యాయం అనే విషయాన్ని మొట్టమొదట నేర్చుకునేది పాఠ్యపుస్తకంలో కాదు, ఆటలోనే. ఈ పాఠంలో ఆ మాట పట్టుకుని కొంచెం కొత్త చోటికి వెళదాం. అది వీడియో గేముల చరిత్ర. అక్కడ తొండి ఎవరు ఆడారు, ఆడారని ఎవరిమీద నింద పడింది అన్నది మన ప్రశ్న.

సూరత్ పేరు ఎత్తడానికి కారణం ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికోసం తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఆ ఊళ్ళో తరాలుగా స్థిరపడ్డాయి. వాళ్ళ పిల్లలకోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపింది. ఆ నగరంలో 2019వ సంవత్సరంలో ఆటలకు సంబంధించిన రెండు సంగతులు జరిగాయి. ఆ ఏడాది మార్చిలో గుజరాత్‌లోని కొన్ని నగరాల్లో అధికారులు పబ్జీ అనే సెల్‌ఫోన్ ఆటను నిషేధించారు. వాటిలో సూరత్ ఒకటి. పిల్లలు చదువు మానేస్తున్నారని, హింసకు అలవాటు పడుతున్నారని అప్పుడు చర్చ జరిగింది. ఆర్నెల్లు గడిచాక, సెప్టెంబరు 24న, అదే ఊళ్ళోని లాల్‌భాయ్ కాంట్రాక్టర్ స్టేడియంలో భారత మహిళల క్రికెట్ జట్టు దక్షిణాఫ్రికాతో ట్వంటీ20 మ్యాచ్ ఆడింది. ఆ రోజు షెఫాలీ వర్మ అనే పదిహేనేళ్ళ అమ్మాయి భారత జట్టులో తొలిసారి బరిలోకి దిగింది. నాలుగు బంతులు ఆడి సున్నాకే అవుటైంది. వారం తిరిగేసరికి, అక్టోబరు 1న, అదే మైదానంలో 33 బంతుల్లో 46 పరుగులు చేసింది.

ఆమె ఆ మైదానం దాకా ఎలా వచ్చిందో చూడండి. హర్యానాలోని రోహ్‌తక్‌లో క్రికెట్ నేర్పే చోట్ల అమ్మాయిని చేర్చుకోమన్నారు. తండ్రి ఆమె జుట్టు కత్తిరించి, అబ్బాయిలా కనిపించేటట్టు చేసి అబ్బాయిల మధ్య ఆడించాడు. నిబంధనల ప్రకారం చూస్తే అది మారువేషం. మరి అసలు తొండి ఎవరిది? వేషం వేసిన పిల్లదా, తలుపు మూసినవాళ్ళదా? ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి. మన పాఠమంతా దీనిచుట్టూనే తిరుగుతుంది. సెల్‌ఫోన్ ఆటలో మగపేరు పెట్టుకుని, మైకు ఆపేసుకుని ఆడుతున్న అమ్మాయి కూడా ఇలాంటి వేషమే వేస్తోంది.

ఆటలో స్త్రీకి జరిగే న్యాయం గురించి మన సాహిత్యానికి కొత్తగా చెప్పవలసిన పని లేదు. నన్నయ తెనిగించిన సభాపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్న మీకందరికీ తెలుసు. ధర్మరాజు ముందు తన్నోడాడా, నన్నోడాడా? తన్ను ఓడిపోయినవాడికి మరొకరిని పందెం ఒడ్డే హక్కు ఎక్కడిది? ఇది కన్నీళ్ళతో వేసిన ప్రశ్న అనుకుంటాం గానీ, నిజానికి ఆట నియమాల మీద వేసిన ప్రశ్న. శకుని పాచికల తొండి గురించి అందరూ మాట్లాడతారు. ద్రౌపది అంతకన్నా లోతుకు వెళ్ళి, పందెం వస్తువుగా మనిషిని పెట్టడం ఏ నియమం కింద చెల్లుతుందని అడిగింది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని చెప్పి తప్పుకున్నాడు.

రెండో ఉదాహరణ మన పల్నాడులోదే. పన్నెండో శతాబ్దం. గురజాలలో నలగామరాజు దగ్గర మంత్రిగా ఉన్న నాయకురాలు నాగమ్మకూ, మాచర్ల పక్షాన ఉన్న బ్రహ్మనాయుడికీ కోడిపందెం జరిగింది. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలి. నాగమ్మ గెలిచింది. ఆమె కపటంతో గెలిచిందని కథ చెబుతుంది. కావచ్చు. కానీ చరిత్ర విద్యార్థులుగా మీరు ఒక సంగతి గమనించాలి. ఈ కథ మనకు శ్రీనాథుడి పేర ఉన్న పల్నాటి వీరచరిత్ర ద్వారా, వీరుల గాథలు పాడేవారి నోటి ద్వారా వచ్చింది. శ్రీనాథుడు ఆ యుద్ధానికి రెండు వందల ఏళ్ళు పైబడిన తరవాతివాడు. పాడినవాళ్ళు వీరుల పక్షంవాళ్ళు. నాగమ్మ పక్షం చెప్పిన కథ మనదాకా రాలేదు. ఆడది మగవాడిని పందెంలో ఓడించిందంటే అందులో ఏదో మోసం ఉండి తీరాలన్న నమ్మకం ఆ కథలో ఎంత పాలు ఉందో తేల్చి చెప్పడం కష్టం. అదే నమ్మకం ఎనిమిది వందల ఏళ్ళ తరవాత కొరియాలో ఒక కంప్యూటర్ ముందు ఎలా బయటపడిందో మాత్రం ఆధారాలతో సహా చెప్పవచ్చు. దాని దగ్గరకు కాసేపట్లో వస్తాం.

ముందు కంప్యూటర్ దగ్గరకు వెళదాం. సూరత్ మగ్గాల మధ్య పెరిగిన పిల్లలకు జకార్డ్ యంత్రం కొత్త కాదు. చిల్లులు పొడిచిన అట్టలు వరసగా తిరుగుతుంటే, ఏ పోగు పైకి లేవాలో ఏది లేవకూడదో ఆ చిల్లులే నిర్ణయిస్తాయి. దాంతో చీరలో పువ్వు పడుతుంది. ఫ్రాన్సులో జోసెఫ్ జకార్డ్ దీన్ని 1804లో రూపొందించాడు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ లెక్కలు చేసే యంత్రాన్ని ఊహించినప్పుడు ఈ అట్టల పద్ధతినే తీసుకున్నాడు. ఆ యంత్రం గురించి 1843లో వివరమైన వ్యాఖ్య రాసినది అడా లవ్‌లేస్ అనే మహిళ. జకార్డ్ మగ్గం పూలనూ ఆకులనూ నేసినట్టే ఈ యంత్రం బీజగణితాన్ని నేస్తుందన్న పోలిక ఆమెదే. ఆ తరవాత నూరేళ్ళకు, అమెరికాలో ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌ను 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించారు. దానికి పని నేర్పిన ప్రోగ్రామర్లు ఆరుగురు, ఆరుగురూ స్త్రీలే. ఆ రాత్రి జరిగిన విందుకు వాళ్ళకు పిలుపు రాలేదు.

కాబట్టి కంప్యూటర్ అబ్బాయిల వస్తువు అన్న మాట చరిత్రకు పొసగదు. వీడియో గేముల తొలినాళ్ళకూ పొసగదు. అటారీ సంస్థ 1972లో 'పాంగ్' అనే టెన్నిస్‌లాంటి ఆటను తెచ్చింది. బార్లలోనూ హోటళ్ళలోనూ పెట్టిన ఆ యంత్రం దగ్గర ఆడా మగా కలిసే ఆడారు. కరోల్ షా అనే ఇంజనీరు 1978లో అటారీలో చేరింది. ఆమెను చూసిన సంస్థ అధ్యక్షుడు, ఇంతకాలానికి ఒక ఆడ డిజైనర్ దొరికింది, ఇక రంగుల పొందికా ఇంటి అలంకరణా చేసే ఆటలు తయారు చేయవచ్చు అన్న ధోరణిలో మాట్లాడాడని ఆమె తరవాత చెప్పుకుంది. ఆమె మాత్రం ఆక్టివిజన్‌కు మారి 1982లో 'రివర్ రైడ్' తయారు చేసింది. నది వెంట విమానం నడుపుతూ, ఇంధనం చూసుకుంటూ, అడ్డొచ్చినవాటిని కూల్చుతూ పోయే ఆట అది. నది మొత్తాన్ని దాచిపెట్టుకునే చోటు ఆనాటి యంత్రంలో లేదు. అందుకని నది ఒడ్డులు అప్పటికప్పుడు లెక్కప్రకారం పుట్టుకొచ్చేటట్టు, అయినా ప్రతిసారీ ఒకే నది వచ్చేటట్టు ఆమె ప్రోగ్రాము రాసింది. రంగుల పొందిక సంగతి సరే, ఇలాంటి పొందిక ఆ అధ్యక్షుడు ఊహించి ఉండడు.

అటారీలోనే డోనా బెయిలీ, ఎడ్ లాగ్‌తో కలిసి 1981లో 'సెంటిపీడ్' తయారు చేసింది. నాణెం వేసి ఆడే యంత్రాల విభాగంలో ప్రోగ్రాము రాసే మహిళ అప్పుడు ఆమె ఒక్కతే. ఆ ఆట స్త్రీలకు బాగా నచ్చింది. ఆమె మాత్రం కొద్ది సంవత్సరాలకే ఆ రంగం వదిలి వెళ్ళిపోయింది. జపాన్‌లో తోరు ఇవతాని 1980లో 'పాక్-మాన్' తయారు చేసినప్పుడు, ఆటల కేంద్రాలకు ఆడవాళ్ళు కూడా రావాలన్నది అతని ఉద్దేశం. కాల్పులు లేకుండా తినడం చుట్టూ ఆట అల్లాడు. ఆడవాళ్ళంటే తిండి గుర్తుకు రావడం కొంచెం నవ్వు తెప్పించేదే అయినా, వాళ్ళను పిలవాలన్న ఆలోచన మంచిదే.

మరి తలుపు ఎప్పుడు మూసుకుంది? 1983లో అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. దుకాణాలవాళ్ళు ఆ పేరెత్తితే భయపడ్డారు. జపాన్‌కు చెందిన నింటెండో 1985లో అక్కడికి వెళ్ళినప్పుడు తన యంత్రాన్ని ఆటబొమ్మగా చూపించి అమ్మింది. అమెరికా బొమ్మల దుకాణాల్లో అబ్బాయిల వరస వేరు, అమ్మాయిల వరస వేరు. వీడియో గేము అబ్బాయిల వరసలోకి చేరింది. ప్రకటనలన్నీ అబ్బాయిలకోసమే వచ్చాయి. 1989లో వచ్చిన చేతియంత్రం పేరే 'గేమ్ బాయ్'. ఇంట్లో కంప్యూటర్ కూడా అబ్బాయి గదిలోకే చేరింది. 1984లో అమెరికాలో కంప్యూటర్ సైన్సు పట్టాలు తీసుకున్నవారిలో సుమారు 37 శాతం స్త్రీలు. తరవాతి దశాబ్దాల్లో అది అందులో సగానికి పడిపోయింది. పడిపోవడానికి ఆటలొక్కటే కారణం అనడం తొందరపాటు. కానీ కారణాల్లో అదీ ఒకటని పరిశోధకులు చెబుతున్నారు. మన దేశంలో కథ వేరు. మన ఇంజనీరింగ్ కాలేజీల కంప్యూటర్ బ్రాంచిలో అమ్మాయిలకు కొదవ లేదు. అయితే అదే కాలేజీ పక్కన ఉన్న నెట్ సెంటర్‌లో, 2000 తరవాతి సంవత్సరాల్లో, గంటకు ఇంతని కట్టి 'వైస్ సిటీ' ఆడిన వాళ్ళలో అమ్మాయిలు ఎందరు? మీ అన్నయ్యలనో బాబాయిలనో అడిగి చూడండి.

ఇక తెరమీది స్త్రీ సంగతి. 1981 నాటి 'డాంకీ కాంగ్'లో గొరిల్లా ఒక యువతిని ఎత్తుకుపోతుంది. వడ్రంగి నిచ్చెనలెక్కి ఆమెను విడిపించాలి. 1985 నాటి 'సూపర్ మారియో'లో ఎత్తుకుపోయినది రాకుమారిని. కథ పాతదే. మన చందమామలో ఎన్నోసార్లు చదివినదే. తేడా ఒక్కటే. కథలో రాకుమారి కాస్త మాట్లాడుతుంది. ఆటలో ఆమె చివర దొరికే కప్పులాంటిది. ద్రౌపది వేసిన ప్రశ్న ఇక్కడ గుర్తుకు రావాలి.

1986లో వచ్చిన 'మెట్రాయిడ్' దీనికి భిన్నంగా కనిపిస్తుంది. ఆట పొడవునా కవచం తొడుక్కుని పోరాడిన వీరుడు సమస్ చివర శిరస్త్రాణం తీస్తే ఆడమనిషి! ఆనాటి పిల్లలు నిర్ఘాంతపోయారు. వీడియో గేముల చరిత్రలు దీన్ని గొప్ప మలుపుగా రాస్తాయి. నిజమే, గొప్పదే. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. ఆటను ఎంత తక్కువ సమయంలో పూర్తి చేస్తే చివర సమస్ అంత తక్కువ బట్టలతో కనిపిస్తుంది. అంటే వీరురాలిగా గెలిచిన స్త్రీ కూడా చివరికి ఆడినవాడికి బహుమతే అయింది. 1996లో ఇంగ్లండు నుంచి వచ్చిన 'టూంబ్ రైడర్' నాయిక లారా క్రాఫ్ట్ కథా ఇలాగే నడిచింది. పురాతన సమాధుల్లో ఒంటరిగా తిరిగే ధైర్యవంతురాలిని సృష్టించిన టోబీ గార్డ్, ఆమె శరీరాన్ని చూపి ఆటను అమ్మిన తీరు నచ్చక సంస్థ వదిలి వెళ్ళాడు. 2013లో ఆ కథను మళ్ళీ మొదటినుంచి రాసినది రియానా ప్రాచెట్ అనే రచయిత్రి. మన దేశంలో పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ అనే చిన్న బృందం 2020లో 'రాజీ' అనే ఆట విడుదల చేసింది. అందులో రాక్షసులు ఎత్తుకుపోయినది గోలూ అనే పిల్లవాడిని. విడిపించడానికి త్రిశూలం పట్టుకుని బయలుదేరినది అతని అక్క రాజీ.

ఇప్పుడు ఈ పాఠంలో అసలైన భాగానికి వద్దాం. తెరమీది బొమ్మను వదిలి, తెర ముందు కూర్చుని ఆడుతున్న మనిషిని చూద్దాం. దీనికి వీడియో గేము కన్నా ముందు చదరంగం దగ్గర ఆగాలి. చదరంగంలో బలం అక్కరలేదు, ఎత్తు అక్కరలేదు. స్త్రీ పురుషులు ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు. అయినా 1986 నవంబరులో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఒక విచిత్రమైన నిర్ణయం చేసింది. ఆడుతున్న స్త్రీలందరికీ రేటింగులో 100 పాయింట్లు ఉచితంగా కలిపింది, ఒక్క సుసాన్ పోల్గార్‌కు తప్ప. ఆమె తన పాయింట్లు ఎక్కువగా మగవాళ్ళతో ఆడి సంపాదించుకుంది కాబట్టి ఆమెకు కలపనక్కరలేదన్నది వాళ్ళ వాదం. ఫలితంగా 1987 జనవరి జాబితాలో ఆ హంగరీ అమ్మాయి మొదటి స్థానం పోగొట్టుకుంది.

ఆమె చెల్లెలు జూడిత్ కథ ఇంకా ముఖ్యమైనది. 1994లో స్పెయిన్‌లోని లినారెస్ పట్టణంలో జరిగిన టోర్నమెంటులో, పదిహేడేళ్ళ జూడిత్ ప్రపంచ చాంపియన్ గారీ కాస్పరోవ్‌తో ఆడుతోంది. కాస్పరోవ్ గుర్రాన్ని ఒక గడిలో పెట్టి, వేళ్ళు వదిలి, అది మంచి ఎత్తు కాదని తోచి వెంటనే దాన్ని మరో గడికి మార్చాడు. చదరంగంలో చేయి వదిలితే ఎత్తు ఖాయం. మీ ఇంట్లో ఆడినా అంతే. జూడిత్ చూసింది. న్యాయనిర్ణేత వైపు కూడా చూసింది. ఆయన కలగజేసుకోలేదు. ఆమె ఫిర్యాదు చేయలేదు. అంత పెద్ద టోర్నమెంటుకు ఆమెను పిలవడం అదే మొదటిసారి. ఎదురుగా ఉన్నవాడు ప్రపంచ చాంపియన్. తన మాట చెల్లకపోతే గడియారంలో సమయం కూడా పోతుంది. ఆట ఓడిపోయింది. అయితే అక్కడ స్పెయిన్ టెలివిజన్ కెమెరా ఒకటి నడుస్తోంది. ఆ టేపు చూస్తే కాస్పరోవ్ వేళ్ళు సుమారు పావు సెకను గుర్రాన్ని వదిలినట్టు తేలింది. చేయి వదిలినట్టు తనకు తెలియలేదని ఆయన అన్నాడు. ఫలితం మారలేదు. 2002లో మాస్కోలో జరిగిన వేగవంతమైన ఆటలో జూడిత్ ఆయన్ను ఓడించింది.

కెమెరా సాక్ష్యం ఉన్నా చాంపియన్‌కు ఏమీ కాలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

మన తెలుగువాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గుడివాడకు చెందిన కోనేరు హంపి 1999లో గుజరాత్‌లోనే, అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా యువ చదరంగ పోటీల్లో, పన్నెండేళ్ళలోపు విభాగంలో అబ్బాయిలతో తలపడి గెలిచింది. 2002లో పదిహేనేళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, అంతవరకూ జూడిత్ పోల్గార్ పేరున ఉన్న రికార్డును దాటింది. స్త్రీలకు విడిగా ఉన్న బిరుదు కాదు, అందరికీ ఉన్న బిరుదే అది. ఇలాంటి చోట నిబంధన ఒక్కటే అయితే చాలు, ఇంకేమీ అక్కరలేదని అర్థమవుతుంది. 2019లోనూ, మళ్ళీ 2024లోనూ ఆమె మహిళల ప్రపంచ రాపిడ్ చాంపియన్ అయింది.

కంప్యూటర్ ఆటల పోటీలు అంటే ఈ-స్పోర్ట్స్. ఇవి చదరంగం నుంచి మంచి నేర్చుకోవలసింది పోయి ముందు చెడును నేర్చుకున్నాయి. 2014 జూలైలో ఫిన్లాండ్‌లో 'హార్త్‌స్టోన్' అనే పేకాటలాంటి కంప్యూటర్ ఆటకు పోటీ ప్రకటించారు. నిబంధన చూస్తే మగవాళ్ళకు మాత్రమే అని ఉంది. ఎలుకను నొక్కి పేకముక్కలు వేసే ఆటలో మగతనం ఎందుకని జనం అడిగారు. అంతర్జాతీయ సమాఖ్య మొదట సమర్థించుకోబోయింది. మిగతా క్రీడల్లాగా తమకూ గుర్తింపు రావాలంటే ఆడా మగా విడివిడిగా ఉండాలంది, చదరంగాన్ని కూడా ఉదాహరణగా చూపింది. విమర్శలు ముంచెత్తడంతో మర్నాడే వెనక్కి తగ్గి, పోటీలను అందరికీ తెరిచింది. నాలుగేళ్ళకు, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన పోటీగా పెట్టిన ఇదే హార్త్‌స్టోన్‌లో మన గుజరాత్ భుజ్‌కు చెందిన తీర్థ్ మెహతా కంచు పతకం గెలిచాడు. 2019 నవంబరులో అమెరికాలో జరిగిన ఆ ఆట ప్రపంచ ఫైనల్లో విజేత చైనాకు చెందిన లీ షియావ్‌మెంగ్ అనే యువతి. అంతకు రెండేళ్ళ ముందు ఒక పోటీకి పేరు నమోదు చేయించుకోవడానికి వరసలో నిలబడితే, ఆడపిల్లవి నీకిక్కడేం పని అన్నట్టు ఒకతను మాట్లాడాడని గెలిచిన రోజున ఆమె చెప్పింది.

ఇప్పుడు కొరియా. 2016 జూన్. 'ఓవర్‌వాచ్' అనే ఆట విడుదలై ఇంకా నెల తిరగలేదు. గెగురి అనే పేరుతో ఆడుతున్న కిమ్ సె-యోన్‌కు పదిహేడేళ్ళు. ఆమె గురి ఎంత కచ్చితంగా ఉందంటే, ఎదుటి జట్టు ఆటగాళ్ళు అది మనిషి గురి కాదన్నారు. 'ఎయిమ్‌బాట్' అనే దొంగ ప్రోగ్రాము పెట్టుకుందని, అదే గురి చూసి పేలుస్తోందని ఆరోపించారు. ఆమె మోసం చేయలేదని తేలితే ఆట మానేస్తామని ఇద్దరు శపథం పట్టారు. బెదిరింపులూ వచ్చాయి. ఆటను తయారు చేసిన సంస్థ పరిశీలించి మోసం లేదని చెప్పింది. అయినా అనుమానం తీరలేదు. చివరకు ఆ అమ్మాయి ముఖానికి మాస్కు కట్టుకుని ఒక స్టూడియోకు వెళ్ళింది. తెరమీద ఒక కెమెరా, చేతులమీద ఒక కెమెరా. అందరూ చూస్తుండగా గంటకు పైగా ఆడింది. గురి అలాగే ఉంది, ఎక్కడా తప్పలేదు. శపథం చేసినవాళ్ళు మాట ప్రకారం తప్పుకున్నారు. అంతవరకు వాళ్ళను మెచ్చుకోవాలి. 2018లో ఆమె షాంఘై డ్రాగన్స్ జట్టులో చేరి, ఓవర్‌వాచ్ లీగ్‌లో ఆడిన తొలి మహిళ అయింది.

లినారెస్‌నూ కొరియానూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట కెమెరా తప్పు చూపించినా చాంపియన్ విజయం చెక్కుచెదరలేదు. ఇంకోచోట తప్పే లేని అమ్మాయి తన చేతులను కెమెరాకు అప్పగించుకోవలసి వచ్చింది. అనుమానించడం తప్పా అని మీరు అడగవచ్చు. తప్పు కాదు. ఆన్‌లైన్ ఆటల్లో దొంగ ప్రోగ్రాములు నిజంగానే ఉన్నాయి, పట్టుకోవడానికి సంస్థలు నిరంతరం శ్రమిస్తున్నాయి. గెగురి విషయంలో అనుమానం పరీక్ష దాకా రావడం న్యాయమే. పరీక్ష అయిపోయాక కూడా ఆగకపోవడంలోనే ఉంది తొండి.

ఎందుకు ఇలా జరుగుతుంది? దీనికి కేవలం అభిప్రాయం కాకుండా ప్రయోగం కూడా ఉంది. జెఫ్రీ కుజ్నెకాఫ్ అనే అమెరికా పరిశోధకుడు, మరొకరితో కలిసి, 'హేలో 3' అనే కాల్పుల ఆటలో మూడు ఖాతాలు తెరిచాడు. ఒక ఖాతాలో ముందే రికార్డు చేసిన మగ గొంతు, ఒక దానిలో ఆడ గొంతు, మూడో దానిలో మౌనం. రెండు గొంతులూ పలికేవి ఒకే మామూలు మాటలు. 2012లో వెలువడిన ఫలితం ఏమిటంటే, ఆడ గొంతుకు వచ్చిన చెడు మాటలు మిగతా రెండింటితో పోలిస్తే మూడింతలు. ఆ రికార్డులనే తీసుకుని ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కాసుమోవిక్‌తో కలిసి 2015లో అతను మరో పత్రం ప్రచురించాడు. తిట్టినవాళ్ళు ఎవరు? బాగా ఆడేవాళ్ళు కాదు, ఎక్కువగా నైపుణ్యం తక్కువ ఉన్నవాళ్ళు. వాళ్ళే మగ గొంతు ముందు మాత్రం అణగి ఉన్నారు. ఆటలో కింద ఉన్న మగవాడికి, తనకన్నా కిందనే ఉంటుందనుకున్న ఆడమనిషి పైకి రావడం భరించరానిదయిందని వాళ్ళ వివరణ. మీ ఆటల్లో ఎవరు ఎక్కువ అరుస్తారో గుర్తు తెచ్చుకోండి. పరిశోధన అక్కరలేకుండానే కొంత అర్థమవుతుంది.

ఈ ద్వేషం ఆటదాకానే ఆగలేదు. ఆటల్లో స్త్రీల చిత్రణను విమర్శిస్తూ వీడియోలు చేసిన అనీతా సార్కీసియన్ 2014 అక్టోబరులో అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ప్రసంగించవలసి ఉంది. వస్తే కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చింది. తుపాకులతో వచ్చేవాళ్ళను అక్కడి చట్టం ప్రకారం ఆపలేమని పోలీసులు చెప్పడంతో ఆమె ప్రసంగం రద్దు చేసుకుంది. ఒక సినిమా బాగాలేదని రాసినందుకు చంపుతామన్నట్టే ఇది.

మైదానపు ఆటల్లోని స్త్రీలు వీడియో గేములోకి రావడానికి కూడా చాలా కాలం పట్టింది. ఏటా కొత్తగా వచ్చే 'ఫిఫా' ఫుట్‌బాల్ ఆటలో మహిళల జట్లు మొదటిసారి చేరినది 2015లో. అప్పుడు పన్నెండు దేశాల జట్లు వచ్చాయి. క్రికెట్‌లో 2017 నాటి 'యాషెస్ క్రికెట్' ఆటలో మహిళల జట్లు కనిపించాయి. మన దేశంలో గేముల గురించి ప్రభుత్వాలు ఎక్కువగా ఆలోచించినది నిషేధం వైపునుంచే. సూరత్ ఆంక్షల తరవాత, 2020 సెప్టెంబరులో పబ్జీని కేంద్రమే నిషేధించింది. మరుసటి ఏడు అది ఇంకో పేరుతో వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను ఆటగా గుర్తించింది. ఆటగా గుర్తింపు వచ్చిందంటే ఇక జట్ల ఎంపిక ఉంటుంది, న్యాయనిర్ణేతలు ఉంటారు, ఫిర్యాదులు ఉంటాయి. ఫిర్యాదు చేసే అమ్మాయి జూడిత్‌లాగా న్యాయనిర్ణేత ముఖంలోకి చూసి ఊరుకోవలసి వస్తుందా అన్నది ఆ నియమాలు రాసేవాళ్ళు తేల్చవలసిన విషయం.

కుజ్నెకాఫ్ పద్ధతిని మీ తరగతిలో కూడా చేసి చూడవచ్చు. పెద్ద ఖర్చు లేదు. మీలో సెల్‌ఫోన్ ఆట ఆడేవాళ్ళు ముగ్గురు కలవండి. ఒకరు మగపేరుతో, ఒకరు ఆడపేరుతో, ఒకరు ఏదీ కాని పేరుతో పది ఆటలు చొప్పున ఆడండి. అసలు పేరు, ఫోటో, ఊరు ఎక్కడా పెట్టకండి. మీకు వచ్చిన మాటలను మూడు గడులు గీసిన కాగితం మీద లెక్క రాయండి: మంచివి, మామూలువి, చెడ్డవి. ఆ మాట అన్నవాళ్ళు ఆ ఆటలో బాగా ఆడారా లేదా అన్నది పక్కనే గుర్తు పెట్టండి. ఆ నాలుగో గుర్తు లేకపోతే 2015 నాటి పత్రం చెప్పిన విషయం మీ కాగితంలో కనిపించదు.